షరతు పెట్టారు సరే, చూసేదెవరు?

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ మెడికల్ బోర్డు 2003లో ఒక సర్జన్‌ను రిజిస్టరు చేసుకుంది. పేరు జయంత్ పటేల్. గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో పుట్టి, అక్కడే వైద్యం చదివి, అమెరికాలో ఏళ్ల తరబడి ఆపరేషన్లు చేసిన మనిషి. ఆయన నింపిన దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. మీ రిజిస్ట్రేషన్‌పై ఎక్కడైనా, ఎప్పుడైనా షరతులు గానీ సస్పెన్షన్ గానీ పడ్డాయా అని. లేదని జవాబిచ్చారు. దరఖాస్తుతో పాటు అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ధ్రువపత్రం కూడా బోర్డుకు చేరింది. ఈ డాక్టరుపై బహిరంగ ఉత్తర్వు ఒకటి ఉంది, జత చేసిన కాగితం చూడండి అని ఆ పత్రంలోనే ఉంది. ఆ జత కాగితం మాత్రం లేదు. అదెక్కడని బోర్డులో ఒక్కరూ అడగలేదు.

ఆ లేని కాగితంలోనే అసలు సంగతంతా ఉంది. ఒరెగాన్ వైద్య బోర్డు 2000లో ఆయన లైసెన్సుకు షరతులు పెట్టింది. కాలేయం, క్లోమం మీద ఆపరేషన్లు చేయకూడదు. సంక్లిష్టమైన మరికొన్ని ఆపరేషన్లకు ముందు ఇంకో సర్జన్ అభిప్రాయం తీసుకోవాలి. న్యూయార్క్ రాష్ట్రంలో 1980లలోనే ఆయనపై క్రమశిక్షణ చర్య ఉంది. అక్కడి లైసెన్సును 2001లో ఆయన వదులుకున్నారు. ఇదంతా అమెరికాలో బహిరంగ రికార్డే. ఇంటర్నెట్‌లో పేరు కొట్టి చూస్తే దొరికే సమాచారం. 2005 ఏప్రిల్‌లో కురియర్ మెయిల్ పత్రిక విలేకరి హెడ్లీ థామస్ చేసింది సరిగ్గా ఆ పనే.

ఈలోగా రెండేళ్లు గడిచిపోయాయి. బండబర్గ్ బేస్ ఆసుపత్రి పటేల్‌ను తీసుకుని సర్జరీ విభాగానికి అధిపతిని చేసింది. అది మహానగరంలోని పెద్దాసుపత్రి కాదు, జిల్లా స్థాయిది. అన్నవాహిక తొలగించే భారీ ఆపరేషన్లు అక్కడ చేస్తే తర్వాత రోగిని నిలబెట్టగల సత్తా తమ ఐసీయూకు లేదని, ఆ విభాగం నర్సుల ఇన్‌ఛార్జి టోనీ హాఫ్‌మన్ మొత్తుకున్నారు. పైవాళ్లు పట్టించుకోలేదు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. అదీ సాగదీతలో పడింది. చివరికి ఆమె ఆ ప్రాంత శాసనసభ్యుడు రాబ్ మెసెంజర్ దగ్గరికి వెళ్లారు. ఆయన 2005 మార్చిలో విషయాన్ని సభలో లేవనెత్తాక గానీ ప్రభుత్వం కదల్లేదు. అది కదిలేలోపే పటేల్ అమెరికా విమానం ఎక్కేశారు.

ఈ కేసు కోర్టుల్లో ఎలా నడిచిందో ఓపికగా చూడాలి. నేను చెప్పదలచుకున్నది అక్కడే ఉంది. 2010లో జ్యూరీ ఆయనను మూడు మరణాల విషయంలో నరహత్య నేరానికి, ఇంకో రోగికి తీవ్ర గాయం చేసిన నేరానికి దోషిగా తేల్చింది. ఏడేళ్ల జైలు పడింది. 2012లో ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం, విచారణ సక్రమంగా జరగలేదంటూ ఆ శిక్షలన్నీ కొట్టేసింది. 2013లో ఒక మరణంపై మళ్లీ విచారణ జరిపితే జ్యూరీ నిర్దోషి అంది. మిగతా కేసులు ప్రాసిక్యూషనే వదులుకుంది. ఆఖరుకు మిగిలినవి మోసం అభియోగాలు. వాటికి పటేల్ నేరం ఒప్పుకున్నారు. రెండేళ్ల శిక్ష వేసి, దాని అమలును నిలిపేశారు. 2015లో క్వీన్స్‌లాండ్ ట్రైబ్యునల్ ఆయన ఇక ఆస్ట్రేలియాలో వైద్యం చేయకూడదని ఆదేశించింది.

అన్నేళ్ల విచారణలు, కమిషన్లు, అప్పీళ్లు అయ్యాక కూడా ఆపరేషన్ టేబుల్ మీద జరిగింది నేరమేనని కోర్టులో నిలబెట్టలేకపోయారు. తన రిజిస్ట్రేషన్ గురించి, దాని మీదున్న ఆంక్షల గురించి ఆయన దాచిపెట్టారన్నది మాత్రం నిలబడింది. ఇందులో వింతేమీ లేదు. వైద్యంలో నిర్లక్ష్యాన్ని రుజువు చేయడం ఎక్కడైనా కష్టమే. రోగి అప్పటికే ప్రమాదంలో ఉంటాడు. నిపుణులు రెండు పక్కలా నిలబడి రెండు రకాలుగా సాక్ష్యం చెబుతారు. ఆ క్షణంలో వేరే సర్జన్ అయితే ఏం చేసేవాడన్న ప్రశ్న ఎప్పటికీ తెమలదు. షరతు సంగతి అలా కాదు. ఫలానా ఆపరేషన్ చేయకూడదని ఉత్తర్వు ఉంది, చేశాడా లేదా? కొత్త ఉద్యోగంలో చేరితే చెప్పాలని ఉంది, చెప్పాడా లేదా? తేదీలు, సంతకాలు, ఆపరేషన్ థియేటర్ రిజిస్టరు చూస్తే తేలిపోయే విషయం. రోగులను కాపాడాలనుకునే ఏ కౌన్సిల్ అయినా ముందు పట్టుకోవలసింది ఈ కొసనే. నిర్లక్ష్యం తేలేదాకా ఆగనక్కర్లేదు. షరతు మీరడమే తనంతట తాను ఒక తప్పు, దానికి విచారణ వేరుగా, వేగంగా జరగాలి.

ఆస్ట్రేలియాలోనే ఇంకో రాష్ట్రం, న్యూ సౌత్ వేల్స్, ఈ పాఠం మరింత బాధాకరంగా నేర్చుకుంది. గ్రేమ్ రీవ్స్ అక్కడ ప్రసూతి, స్త్రీ వ్యాధుల నిపుణుడు. రోగుల ఫిర్యాదులపై విచారణ జరిగి, 1997లో ఆయన రిజిస్ట్రేషన్‌పై షరతులు పడ్డాయి. వాటిలో ముఖ్యమైనది, కాన్పులు చేయకూడదన్నది. స్త్రీ వ్యాధులకు చికిత్స చేసుకోవచ్చు. 2002లో ఆ రాష్ట్ర దక్షిణ తీరంలోని బెగా, పాంబులా ఆసుపత్రులకు ఒక ప్రసూతి, స్త్రీ వ్యాధుల డాక్టరు కావలసి వచ్చింది. అవి చిన్న ఊళ్లు. అక్కడికి స్పెషలిస్టు రావడమే గగనం. రీవ్స్ దరఖాస్తు పెట్టుకున్నారు. తన మీదున్న నిషేధం సంగతి చెప్పలేదు. ఆరోగ్య శాఖ వాళ్లూ మెడికల్ బోర్డును సరిగా వాకబు చేయలేదు. కాన్పులు చేయకూడని డాక్టరు ప్రసూతి వైద్యుడిగా ఉద్యోగంలో చేరిపోయారు. నిషేధం ఉందన్న సంగతి అధికారులకు తెలిసేసరికి నెలలు గడిచాయి.

ఆ నెలల్లోనే, 2002 ఆగస్టులో, పాంబులా ఆసుపత్రిలో ఒక మహిళకు ఆపరేషన్ జరిగింది. చిన్న మచ్చ లాంటి గాయాన్ని తీసేయడానికని ఆమె ఒప్పుకుంది. రీవ్స్ ఆమె జననాంగంలో చాలా భాగం తొలగించేశారు. ఆ కేసులో 2011లో జ్యూరీ ఆయనను దోషిగా తేల్చింది. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఆ ఆపరేషన్ స్త్రీ వ్యాధులకు సంబంధించినది, కాన్పుకు సంబంధించినది కాదు. కాబట్టి కాన్పుల నిషేధాన్ని నేరుగా మీరినట్టు కాదు. కానీ నిషేధం సంగతి ముందే తెలిసి ఉంటే ఆయనను ఆ ఉద్యోగంలోకే తీసుకునేవారు కాదు గదా! షరతు కాపాడేది అది పేరు పెట్టి చెప్పిన ప్రమాదం నుంచి మాత్రమే కాదు. ఈ డాక్టరు దగ్గర అప్రమత్తంగా ఉండండని అది అందరికీ చేసే హెచ్చరిక కూడా. దాచిపెడితే ఆ హెచ్చరిక మొత్తం పోతుంది.

రీవ్స్ పేరును రిజిస్టరు నుంచి తొలగించింది 2004లో, షరతులు మీరినందుకు. జ్యూరీ తీర్పు వచ్చింది ఏడేళ్ల తర్వాత. క్రమశిక్షణ విచారణకూ క్రిమినల్ కేసుకూ వేగంలో ఎంత తేడా ఉంటుందో ఈ రెండు తేదీలే చెబుతున్నాయి. 2008లో ఆయన దగ్గర చికిత్స పొందిన మహిళలు బయటికొచ్చి మాట్లాడాక దేశమంతా అట్టుడికింది. తోటి డాక్టరు తీవ్రమైన తప్పు చేస్తున్నాడని తెలిస్తే మిగతా డాక్టర్లు బోర్డుకు చెప్పి తీరాలన్న చట్టం ఆ ఏడాదే న్యూ సౌత్ వేల్స్‌లో వచ్చింది. షరతుల్లో కొన్నింటిని అత్యంత కీలకమైనవిగా ముందే ప్రకటించే పద్ధతి కూడా ఆ రాష్ట్ర చట్టంలో ఉంది. అలాంటి షరతును మీరినట్టు రుజువైతే ట్రైబ్యునల్‌కు ఇక తర్జనభర్జన లేదు, రిజిస్ట్రేషన్ రద్దు చేయాల్సిందే.

బ్రిటన్‌లో ఈ వ్యవస్థ మరింత వివరంగా ఉంది. అక్కడి 1983 నాటి వైద్య చట్టం కింద, మాంచెస్టర్‌లోని వైద్యుల ట్రైబ్యునల్ ముందు విచారణ జరుగుతుంది. దోషమున్నదని తేలితే మూడు దారులు. రిజిస్టరు నుంచి పేరు కొట్టేయడం, ఏడాది దాకా సస్పెండ్ చేయడం, మూడేళ్ల దాకా షరతులు పెట్టడం. మూడోది డాక్టరుకు ఇచ్చే అవకాశం. లోపం ఒకచోట ఉంది, దాన్ని సరిచేసుకోవచ్చు, ఈలోగా రోగులకు హాని జరగకుండా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు అన్న నమ్మకం మీద ఆ అవకాశం ఇస్తారు. ఇరవై ఏళ్లు కష్టపడి నేర్చుకున్న విద్యను ఒక్క లోపానికి మట్టిలో కలిపేయకుండా ఉండటానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. కాబట్టే దాన్ని వమ్ము చేసేవారి పట్ల కఠినంగా ఉండాలంటాను. షరతును ఎగ్గొట్టిన ప్రతి డాక్టరూ తన తర్వాత నిజాయతీగా అవకాశం అడిగే ఇంకో డాక్టరు దారి మూసేస్తున్నాడు.

అక్కడ ఒక మామూలు షరతుల ఉత్తర్వులో ఏముంటుందో చూడండి. చేస్తున్న ఉద్యోగం వివరాలు షరతులు అమల్లోకి వచ్చిన ఏడు రోజుల్లోగా, కొత్త ఉద్యోగమైతే చేరకముందే, జనరల్ మెడికల్ కౌన్సిల్‌కు చెప్పాలి. ఆ ఆసుపత్రితో కౌన్సిల్ నేరుగా మాట్లాడటానికి ఒప్పుకోవాలి. పనిని పర్యవేక్షించే సీనియర్ డాక్టరు ఎవరో పేరు చెప్పాలి, ఆయన నివేదికలు పంపాలి. యజమానికీ, తాత్కాలిక డాక్టర్లను సరఫరా చేసే ఏజెన్సీకీ ఈ షరతుల గురించి తానే చెప్పుకోవాలి. కొందరికి రోజుకో ఆసుపత్రిలో పనిచేసే తాత్కాలిక కొలువులు పూర్తిగా నిషిద్ధం. ఆ షరతు ఊరికే పెట్టింది కాదు. మనిషి ఇవాళ ఇక్కడ, రేపు మరోచోట ఉంటే ఎవరు ఎవరిని పర్యవేక్షిస్తారు? షరతులు పెట్టేటప్పుడే అవి అమలయ్యేవిగా, కొలిచి చూడగలిగేవిగా ఉండాలని ట్రైబ్యునల్ మార్గదర్శకాలు చెబుతాయి. ఆరోగ్యానికి సంబంధించినవి తప్ప మిగతావన్నీ ఆన్‌లైన్ రిజిస్టరులో డాక్టరు పేరు పక్కనే కనిపిస్తాయి, ఎవరైనా చూసుకోవచ్చు. షరతు మీరినట్టు తేలితే సస్పెన్షనో తొలగింపో, ట్రైబ్యునల్ నిర్ణయిస్తుంది.

అక్కడ కూడా అంతా సవ్యంగా ఉందని కాదు. షరతు మీరడంలో రెండు రకాలు. వారం గడువు దాటి పది రోజులకు ఉత్తరం రాయడం ఒకటి. షరతుల సంగతి మింగేసి రాత్రి డ్యూటీలకు వెళ్లడం ఇంకొకటి. మొదటిది అజాగ్రత్త, రెండోది రోగిని మోసం చేయడం. రెండింటినీ ఒకే గాటన కట్టే కౌన్సిల్ న్యాయంగా ఉన్నట్టు కాదు. ఆ డాక్టరుకు ఉత్తర్వు అర్థమైందా, పొరపాటు తానే బయటపెట్టాడా, పట్టుబడ్డాక ఒప్పుకున్నాడా, ఈలోగా రోగులకు ప్రమాదం కలిగిందా అన్నవి చూడాలి. విదేశాల నుంచి వెళ్లినవారి విషయంలో ఇది మరీ ముఖ్యం. జనరల్ మెడికల్ కౌన్సిలే చేయించిన అధ్యయనం 2019లో వెలువడింది. యజమానులు కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసే రేటు తెల్లజాతి డాక్టర్లతో పోలిస్తే మైనారిటీ జాతుల డాక్టర్ల విషయంలో రెట్టింపుకు పైగా, బ్రిటన్‌లో చదివినవారితో పోలిస్తే బయట చదివినవారి విషయంలో రెండున్నర రెట్లు ఉందని అది తేల్చింది. విదేశీ డాక్టర్లకు పెట్టే ప్లాబ్ పరీక్ష రాసి అక్కడి ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మన తెలుగు డాక్టర్లు ఈ లెక్కలో ఉన్నవారే. వలస వచ్చిన డాక్టరుకు పక్కన నిలబడే సీనియర్ ఉండడు, అక్కడి రివాజులు చెప్పేవాడుండడు. అలాంటివారికి షరతుల కాగితం చేతిలో పెట్టి ఊరుకుంటే సరిపోదు. ఏం చేయాలో విడమరచి చెప్పే బాధ్యత కౌన్సిల్‌ది కూడా.

షరతు తప్పుగా రాస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియాలోనే మరో అనుభవం చెప్పింది. లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణ ఉన్న డాక్టర్లను, పరీక్ష గదిలో ఇంకో మనిషి తోడుండాలన్న షరతుతో పనిచేయనిచ్చేవారు. మెల్‌బోర్న్‌లో ఒక న్యూరాలజిస్టు ఉదంతం బయటపడ్డాక, న్యూజిలాండ్‌కు చెందిన ప్రొఫెసర్ రాన్ పాటర్సన్ దీనిపై సమీక్ష చేసి 2017లో నివేదిక ఇచ్చారు. ఆ తోడు మనిషి ఎందుకు వచ్చి కూర్చున్నారో రోగికి చెప్పకపోవడం లాంటి లోపాలు చూపించి, విచారణ నడుస్తున్న కాలంలో ఈ షరతు ఇక వాడొద్దన్నారు. అధికారులు ఒప్పుకున్నారు. అమలును పరీక్షించలేని షరతు రోగికి లేని ధైర్యం ఇస్తుంది. అంతకంటే షరతు లేకపోవడమే నయం.

ఇక మన సంగతి. డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ ఏదైనా తీసి చూడండి. పేరు, డిగ్రీలు, వాటి పక్కనే ఒక రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. చీటీ మీద, రసీదు మీద, క్లినిక్ గోడ మీద ఆ నంబరు రాసి తీరాలని 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతోంది. మంచి నియమం. కానీ ఆ నంబరు పట్టుకుని రోగి ఏం తెలుసుకోగలడు? ఈ డాక్టరు పేరు రిజిస్టరులో ఉందా లేదా అన్నది దొరకవచ్చు. ఆయన మీద విచారణ జరిగిందా, ఏదైనా ఆపరేషన్ చేయొద్దని కౌన్సిల్ చెప్పిందా, ఆరు నెలల సస్పెన్షన్ నడుస్తోందా అన్నది ఆ నంబరు పక్కన కనిపించదు. జాతీయ స్థాయిలో సస్పెండైన డాక్టర్ల జాబితా వేరుగా ఒకటుంది. అది వెతుక్కుని చూడాలని రోగికి తోస్తుందా? 2024 ఆగస్టులో కేంద్రం జాతీయ వైద్య రిజిస్టరు పోర్టల్‌ను ప్రారంభించింది. ప్రతి డాక్టరుకూ ఒకే గుర్తింపు సంఖ్య, దేశమంతా ఒకే రిజిస్టరు అన్నది ఆలోచన. ఆ గుర్తింపు సంఖ్య పక్కన క్రమశిక్షణ ఉత్తర్వులు కూడా కనిపిస్తేనే రోగికి దానితో ప్రయోజనం.

చట్టంలో తలుపు పూర్తిగా మూసి లేదు. అదే 2002 నియమావళి, ఫిర్యాదు విచారణలో ఉండగా ఆ వివాదాస్పద చికిత్సను చేయకుండా డాక్టరును ఆపే అధికారం కౌన్సిల్‌కు ఇచ్చింది. ఫిర్యాదును ఆరు నెలల్లో తేల్చాలని కూడా అంది. తొలగింపు గానీ నిర్ణీత కాలపు సస్పెన్షన్ గానీ వేస్తే పత్రికల్లో విస్తృతంగా ప్రచురించాలని అంది. విచారణ పూర్తయ్యాక తగిన శిక్ష వేయొచ్చన్న విశాలమైన మాటా ఉంది. అంటే పర్యవేక్షణతో కూడిన షరతులు పెట్టాలనుకునే కౌన్సిల్‌కు ఆధారం పూర్తిగా లేకపోలేదు. అయినా మన దగ్గర వినిపించే శిక్షలు రెండే. మందలింపు, లేదంటే కొన్ని నెలల పాటు పేరు తొలగింపు. మధ్యలో ఏమీ లేదు. మందలింపుతో రోగికి ఒరిగేదేమీ ఉండదు. ఆరు నెలలు పేరు తీసేస్తే డాక్టరులోని లోపం సరికాదు, ఆరు నెలల తర్వాత అదే చెయ్యి అదే కత్తి పట్టుకుంటుంది.

పైగా ఆ ఆరు నెలలు ఆయన నిజంగా ఆగాడని ఎవరు చెప్పాలి? మన జిల్లా కేంద్రాల్లో, మండల కేంద్రాల్లో ఆసుపత్రులు ఎలా నడుస్తాయో అందరికీ తెలుసు. సర్జన్ ఆ ఆసుపత్రి ఉద్యోగి కాదు. ఉదయం ఒక ఊళ్లో రెండు కేసులు, మధ్యాహ్నం ఇంకో ఊళ్లో మూడు కేసులు చేసి, రాత్రికి సొంత ఊరు చేరతాడు. బోర్డు మీద వారాలు రాసి ఉంటాయి, మంగళవారం ఎముకల డాక్టరు, శుక్రవారం మూత్రపిండాల డాక్టరు అని. నడిపే యజమాని చాలాచోట్ల వేరే డాక్టరు, కొన్నిచోట్ల డాక్టరే కాదు. కౌన్సిల్ ఇచ్చిన ఉత్తర్వు ఆ డాక్టరు ఇంటి చిరునామాకు వెళుతుంది. ఆయన మంగళవారం వచ్చే ఆసుపత్రికి అది ఎలా చేరాలి? బ్రిటన్ ట్రైబ్యునల్ భయపడి నిషేధించిన రోజువారీ కొలువుల పద్ధతే మన దగ్గర మామూలు పద్ధతి. కాబట్టి మనకు కావలసిన నిఘా వాళ్లకంటే గట్టిదే తప్ప పలచనిది కాదు.

రిజిస్టరులో పేరు లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ బృందాలు ఈ మధ్య నకిలీ డాక్టర్ల క్లినిక్‌ల మీద దాడులు చేసి కేసులు పెట్టడం చూశాం. మంచిదే. అదే ఊపు సస్పెన్షన్‌లో ఉన్న అసలు డాక్టర్ల మీద కనిపించదు. నకిలీ డాక్టరుకు కౌన్సిల్‌లో ఓటు లేదు, అసలు డాక్టరుకు ఉంది అని రోగులు అనుకుంటే తప్పు పట్టలేం. ఆ అనుమానం పోగొట్టుకోవాల్సింది కౌన్సిళ్లే.

రోగి పరిస్థితి మరీ అన్యాయం. 2002 నియమావళికి తర్వాత చేర్చిన నిబంధన ప్రకారం, రాష్ట్ర కౌన్సిల్ నిర్ణయం నచ్చకపోతే ఎవరైనా అరవై రోజుల్లో పై కౌన్సిల్‌కు అప్పీలు చేసుకోగలిగేవారు. 2019 చట్టం వచ్చాక అప్పీలు చేసే హక్కును డాక్టరుకు మాత్రమే రాశారు. రోగుల అప్పీళ్లను కమిషన్ వెనక్కి పంపింది. ఆపరేషన్ వికటించి భార్యను పోగొట్టుకున్న మనిషి కౌన్సిల్ ముందు సాక్షి మాత్రమే, తీర్పు ఎలా వచ్చినా అప్పీలు హక్కు చట్టంలో ఆయనకు రాసి లేదు. 2023 ఆగస్టు 2న కమిషన్ కొత్త ప్రవర్తనా నియమాలు ప్రకటించింది. జనరిక్ మందుల పేర్లే రాయాలన్న నిబంధన మీద డాక్టర్ల సంఘాలు భగ్గుమనడంతో మూడు వారాలకే వాటిని పక్కన పెట్టింది. దాంతో మళ్లీ 2002 నాటి నియమాలే దిక్కయ్యాయి. జనరిక్ వివాదంలో పడి క్రమశిక్షణ గురించిన చర్చ మొత్తం అటకెక్కింది. ఆ చర్చ మళ్లీ ఎత్తుకోవలసి ఉంది.

డాక్టర్ల వైపు నుంచి వచ్చే మాటను కొట్టిపారేయలేను. ఆసుపత్రుల మీద దాడులు చూస్తున్నాం. రోగి చనిపోతే బంధువులు అద్దాలు పగలగొట్టడం, డ్యూటీ డాక్టరును కొట్టడం మామూలైపోయింది. దాన్ని ఆపడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే చట్టం చేశారు. ఈ పరిస్థితుల్లో షరతులు, బహిరంగ రిజిస్టరు అంటే డాక్టరు పేరు వీధిలో పెట్టడమేనని వారి భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. అయితే దాడులు ఎందుకు పెరుగుతున్నాయో కూడా ఆలోచించాలి. రోగి బంధువుకు కనిపిస్తున్న దారులు ఏమిటి? క్రిమినల్ కేసు పెడితే, 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు తీవ్రస్థాయి నిర్లక్ష్యం రుజువు కావాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళితే ఏళ్లు పడుతుంది, వచ్చేది డబ్బు మాత్రమే. కౌన్సిల్‌కు వెళితే తలుపు సగమే తెరుచుకుంటుంది. ఆ డాక్టరు ఇక మీదట ఇలాంటి ఆపరేషన్ ఒంటరిగా చేయడు, సీనియర్ పక్కన ఉంటాడు, మాట తప్పితే పేరు పోతుంది అని ఒక సంస్థ నిలబడి హామీ ఇవ్వగలిగితే చాలామంది బంధువులు కోరుకునేది అదే. ఇంకొకరికి ఇలా జరగకూడదన్న మాట నిజాయతీగా అనేవాళ్లు మనం అనుకునేదానికంటే ఎక్కువ. ఆరోగ్య సమస్యల వల్ల, మద్యం వ్యసనం వల్ల, మానసిక కుంగుబాటు వల్ల షరతుల్లోకి వచ్చిన డాక్టర్ల వివరాలు మాత్రం గోప్యంగానే ఉండాలి. బ్రిటన్‌లో ఉన్న ఆ భేదం మనమూ పాటించవచ్చు.

అమెరికాలో ఆసుపత్రులు డాక్టరును తీసుకునే ముందు, ఆ తర్వాత ప్రతి రెండేళ్లకోసారి, జాతీయ డేటా బ్యాంకులో ఆ పేరు అడిగి తీరాలన్న చట్టబద్ధమైన నిబంధన ఉంది. ఆ బ్యాంకును ప్రజలకు తెరవరు, అది దాని లోపం. కానీ ఆసుపత్రి అడగాల్సిందేనన్న బాధ్యత అందులో మెచ్చుకోదగ్గది. బండబర్గ్‌లో, బెగాలో ఒక్కొక్క వాకబు సరిగా చేసి ఉంటే ఎన్ని బతుకులు వేరేగా ఉండేవో! మన దగ్గర ఈ బాధ్యత ఆసుపత్రి యజమాని మీద స్పష్టంగా లేదు. విజిటింగ్ సర్జన్‌ను థియేటర్‌లోకి రానిచ్చే ముందు ఆయన రిజిస్ట్రేషన్ పరిస్థితి చూడని ఆసుపత్రికి కూడా జరిమానా ఉండాలి. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా వైద్య ఆరోగ్యశాఖ చేతిలోనే ఉంది. ఫైర్ సర్టిఫికెట్ అడుగుతున్న అధికారి, పనిచేస్తున్న డాక్టర్ల జాబితా అడగలేరా?

ఇంకో సాధనం మన చేతిలో సిద్ధంగా ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ. పేదల ఆపరేషన్లకు ముందస్తు అనుమతి ఇచ్చేది ఈ ట్రస్టులే, ఆసుపత్రులు తమ డాక్టర్ల వివరాలు ఇచ్చేది వాటికే. మెడికల్ కౌన్సిల్ ఉత్తర్వు ఇచ్చిన రోజే ఆ రిజిస్ట్రేషన్ నంబరు ట్రస్టు కంప్యూటరులోకి చేరితే, సస్పెన్షన్‌లో ఉన్న సర్జన్ పేరుతో వచ్చిన అనుమతి దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఫలానా ఆపరేషన్ చేయకూడదని షరతు ఉంటే ఆ ఆపరేషన్ ప్యాకేజీ ఒక్కటే ఆగుతుంది, మిగతావి నడుస్తాయి. ప్రైవేటు బీమా కంపెనీలనూ ఇదే దారిలోకి తేవచ్చు. పర్యవేక్షించే మనిషి దొరకనిచోట డబ్బు చెల్లించే సంస్థే పర్యవేక్షకుడు కాగలదు.

కొత్త ప్రవర్తనా నియమాలు రాసేటప్పుడు వైద్య కమిషన్ షరతుల శిక్షను పేరు పెట్టి చేర్చాలి. ఎంతకాలం, ఎవరి పర్యవేక్షణలో, ఎన్నాళ్లకు సమీక్ష అన్నది ప్రతి ఉత్తర్వులోనూ ఉండాలి. షరతు మీరినట్టు ఫిర్యాదు వస్తే దాన్ని అసలు కేసుతో ముడిపెట్టకుండా మూడు నెలల్లో తేల్చాలి. రోగి నుంచి లాగేసుకున్న అప్పీలు హక్కు తిరిగి ఇవ్వాలి. దానికి పార్లమెంటు 2019 చట్టాన్ని సవరించాలి కాబట్టి సమయం పడుతుంది. విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ ఉన్న కౌన్సిళ్లు అంతదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. ఇప్పుడు అమల్లో ఉన్న సస్పెన్షన్ ఉత్తర్వులన్నీ తీసి, డాక్టరు పేరు, నంబరు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నది తెలుగులో వెబ్‌సైట్ మొదటి పేజీలో పెట్టి, ప్రతి జిల్లా వైద్యాధికారికీ పంపి, ఆ డాక్టర్లు వెళ్లే ఆసుపత్రుల థియేటర్ రిజిస్టర్లు తెప్పించి చూడటం. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.